నిచ్చెనాయన నాలుగు వందల గళ్ళ నేల

నిచ్చెనాయనకి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. అంత తేలిగ్గా చెప్పేస్తే ఎలా? ముక్కు మీది కోపం ఒక తుమ్ము తుమ్మితే పోతుంది. ఈయనది పొద్దున్న ఆరున్నరకి బూట్లు తొడుక్కునేటప్పుడు ఎక్కి, సాయంత్రం నెత్తిన నాలుగు చెంబుల నీళ్ళు పడితే గానీ దిగని కోపం. కరెంటు తీగల మీదికి పెరిగిన చెట్ల కొమ్మలు కొట్టడం ఆయన పని. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని. భుజాన నిచ్చెన లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు లేకపోలేదు, ఇంటిపేరుతో సహా లక్షణంగా ఉంది. కాకపోతే దాన్ని రాసిన చోట్లు రెండే రెండు. ఈ కథంతా ఆ రెండు చోట్ల గొడవే.

అసలు ఈ పని చేసేవాడికి కోపం రాకపోతే డాక్టరుకి చూపించాలి. కొమ్మ కొడితే ఇంటివాళ్ళు తిడతారు. కొట్టకపోతే అదే కొమ్మ గాలికి తీగ మీద పడి వీధంతా కరెంటు పోతుంది, అప్పుడు ఆఫీసువాళ్ళు తిడతారు. కొట్టిన కొమ్మ పూలకుండీ మీద పడితే ఒక తిట్టు, వెంటనే ఎత్తకపోతే ఇంకో తిట్టు. ఏడాది పొడుగునా ఆ చెట్టుకి చెంబెడు నీళ్ళు పొయ్యని ఇల్లాలు కూడా రంపం చప్పుడు వినగానే కన్నబిడ్డని కోస్తున్నట్టు పరిగెత్తుకొస్తుంది. వీళ్ళందరికీ నిచ్చెనాయన దగ్గర ఉన్న జవాబు ఒకటే. "కొమ్మే కొట్టానమ్మా, మాను ముట్టుకోలేదు."

ఆ మాట ఆయనకి ఊతపదం కాదు, పరువు. తీగకి మూడు మూరల లోపలికి వచ్చిన కొమ్మ ఆఫీసుది, మాను ఇంటివాళ్ళది. ఈ సరిహద్దు దాటనని ఆయన తనకి తానే ఒట్టు పెట్టుకున్నాడు. చెట్లని మాత్రం నోటికి అడ్డూ ఆపూ లేకుండా తిడతాడు. నిచ్చెన పైమెట్టు మీద నిలబడి, పోయినేడు గుండు కొట్టి పంపిస్తే మళ్ళీ జడేసుకుని తయారయ్యావా అని ఒక్కొక్క చెట్టునీ విడివిడిగా పలకరిస్తాడు. తిట్టినంత తిట్టి, ఎక్కడ కోస్తే చెట్టుకి పుండు పడదో సరిగ్గా అక్కడే కోస్తాడు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క మానుకి ఆయన రంపం ఆనలేదు.

వ్యాన్లో నలుగురు. ఒకడు డ్రైవరు. ఎక్కేవాళ్ళు ఇద్దరు, నిచ్చెనాయన, నత్త. నత్త ఇద్దరు పిల్లల తండ్రి, మనిషి చాలా మంచివాడు, కాని స్తంభం ఎక్కాడంటే దిగేసరికి కింద టీ చల్లారిపోతుంది. నాలుగోవాడు మేస్త్రి. కాంట్రాక్టరుకి స్వయానా బావమరిది. అంతకు మించిన అర్హత ఆయన్ని ఎవరూ అడగలేదు. ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. నిచ్చెన ఎక్కింది ఒకే ఒక్కసారి, ఫోటో కోసం, అదీ మూడో మెట్టు దాకా.

కొమ్మ కొట్టాలంటే ముందు ఆ లైన్లో కరెంటు ఆపించాలి. దానికి సబ్‌స్టేషన్లో ఒక పుస్తకం ఉంటుంది. అందులో పేరు రాసి, సంతకం పెట్టి, అనుమతి తీసుకోవాలి. పనివాళ్ళు దాన్ని ఎల్సీ అంటారు. ఎవరి పేరు మీద తీసుకుంటే వాళ్ళే తిరిగి ఇవ్వాలి. వాళ్ళు ఫోన్ చేసి, తమ గొంతుతో, మనుషులందరూ దిగారని చెప్పేదాకా దేవుడు దిగొచ్చి అడిగినా కరెంటు వదలరు. ఆ మాట చెప్పేముందు సంతకం పెట్టినవాడు లైను ఈ చివర నుంచి ఆ చివర దాకా తలెత్తుకుని నడిచి, మనిషి గానీ తాడు గానీ నిచ్చెన గానీ పైన మిగల్లేదని తన కళ్ళతో చూసుకోవాలి. రూలు ప్రకారం సంతకం పెట్టవలసినది మేస్త్రి. ఆయన మాత్రం చేరిన మొదటి రోజే, "అనుభవం నీది బాబాయ్, నీ పేరు మీదే తీసుకో" అని కలం ఈయన చేతిలో పెట్టాడు. అది మర్యాద అని నిచ్చెనాయన ఒక నెల పాటు మురిసిపోయాడు. ఏదైనా జరగరానిది జరిగితే పోలీసులు వెతికే పేరు అదేనని తర్వాత తట్టింది. అప్పటికి అలవాటైపోయింది. పేరు రాసిన మొదటి చోటు అది.

రెండోది ఒక ఆటలో ఉంది.

ఎల్సీ అడగ్గానే ఇచ్చెయ్యరు. గంట, ఒక్కోసారి రెండు గంటలు వ్యాన్లో కూర్చోవాలి. ఆ ఖాళీలో డ్రైవరు ఫోన్లో ఏదో ఆడుతుండేవాడు. ఎక్కడెక్కడి మనుషులో వేల మంది ఒకేసారి ఆడే ఆట అది. అందులో ఊళ్ళున్నాయి, ఊళ్ళలో నేలలున్నాయి. రాళ్ళు మోసి, బావులు తవ్వి ఆ ఆటలోనే కూలి చేసుకుంటే కొంత నేల మన పేరు మీద రాస్తారు. డ్రైవరుని చూసి మేస్త్రి చేరాడు, మేస్త్రిని చూసి నత్త చేరాడు, ముగ్గురూ ఒకే ఊళ్ళో నేలలు తీసుకున్నారు. మీకేమైనా బుద్ధుందా అని నిచ్చెనాయన వాళ్ళని తిట్టి పక్కకి తిరిగి పడుకున్నాడు. వారం తిరగకుండా తన ఫోన్ డ్రైవరు చేతిలో పెట్టి, ఎలా ఎక్కించాలో ఎక్కించు, నవ్వావంటే మాత్రం ఊరుకోను అన్నాడు.

మూడు నెలలు, ఎల్సీ కోసం కూర్చున్న ప్రతి గంటా, ఆయన ఆటలో రాళ్ళు మోశాడు. మేస్త్రి నేల పక్కనే ఖాళీగా ఉన్న నాలుగు వందల గళ్ళు ఆయన పాలయ్యాయి. ఇరవై నిలువు, ఇరవై అడ్డం. మూల మీద ఒక చెక్క బోర్డు లేచింది. దాని మీద ఆయన పూర్తి పేరు. ఆయన ఆ బోర్డు వంక చాలాసేపు చూశాడు. కాంట్రాక్టర్లు ఐదుగురు మారారు, ఏ ఒక్కడూ ఆయన పేరు మీద ఒక గుర్తింపు కార్డు ఇచ్చిన పాపాన పోలేదు. అద్దెకుంటున్న మేడ మీది గది తోడల్లుడి పేరు మీద ఉంది. ఆఖరికి ఫోన్ నంబరు కూడా భార్య పేరు మీదే. యాభై మూడేళ్ళు బతికిన మనిషికి తనదీ అని పేరు రాసి ఉన్నది లేని లోకంలో ఒక చెక్కముక్క. అందుకు సిగ్గేసింది, అయినా కళ్ళు చెమర్చాయి. తర్వాత ఆ నేలలో ఒక గది కట్టాడు, దానికి నీలం తలుపు పెట్టాడు, బావి తవ్వాడు. ఆ నాలుగు వందల గళ్ళంటే ఆయనకి ప్రాణమైపోయింది.

ఆయన భార్య ఒక పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. రోజుకి మూడు వందల దుప్పట్లు మడిచి వచ్చిన మనిషికి మొగుడి ఫోన్లో నీలం తలుపు చూసి ముచ్చటపడే ఓపిక ఎక్కడుంటుంది? "ఉన్న గది ఊడ్చే దిక్కు లేదు గానీ, లేని నేలకి కలుపు తీస్తున్నావా" అని చీపురు చేతికిచ్చింది. ఆయన కిక్కురుమనకుండా ఊడ్చాడు. నిజం చెప్పేవాళ్ళ మీద ఆయనకి కోపం తక్కువ.

ఆవిడ వేళాకోళానికి అన్నా, ఆ నేలకి పట్టిన పీడ అదే. ఆ ఆటలో ఖాళీ నేల కనబడితే చాలు, చెట్టు మొలుస్తుంది. మొలిచిన చెట్టు రోజుకోసారి చుట్టూ విత్తనాలు రాలుస్తుంది. అవి మర్నాటికి చెట్లవుతాయి. ఎవరి నేలలోనైనా సగం గళ్ళు చెట్లతో నిండి వారం రోజులు అలాగే ఉంటే, వారం నిండిన గంటకి ఆ నేల అడవి కింద జమ. బోర్డు పడిపోతుంది, ఇల్లు మాయమవుతుంది, ఎవడు ముందొచ్చి మేకు పాతితే నేల వాడిది.

ఇక్కడ నిచ్చెనాయన చేసిన తప్పు ఈ భూమ్మీద ఇంకొకరు చేసి ఉండరు. ఆటలో చెట్టుని రెండు రకాలుగా అదుపు చెయ్యచ్చు. కొమ్మలు కొట్టచ్చు, లేదా మొదలంటా పెళ్ళగించచ్చు. ఆడే ప్రతివాడూ కళ్ళు మూసుకుని పెళ్ళగించేస్తాడు. ఈయన కొమ్మలు కొట్టాడు. ప్రతి చెట్టుకీ ఎక్కడ కొట్టాలో చూసుకుని, పుండు పడకుండా, ఓపిగ్గా కొట్టాడు. కొమ్మలు పోయిన చెట్టు రెండు రోజులు విత్తనం రాల్చదు కాబట్టి పని జరుగుతున్నట్టే ఉండేది. కాని మాను నిలబడే ఉంది, మాను నిలబడ్డ గడి చెట్టు గడి కిందే లెక్క. మూడోనాటికి అది రెండింతల చివుళ్ళతో లేచేది. ఆయన దాన్ని బూతులు తిట్టి మళ్ళీ కొమ్మలే కొట్టేవాడు. నత్త చూసి చూసి, "అన్నా, అది నీ మానే. నిన్ను అడిగేవాడెవడు, పీకెయ్" అన్నాడు. మాను మీద చెయ్యి వెయ్యమని నాకే చెబుతావా అని ఆయన వాడి మీదికి లేచాడు. తన నేల మీది చెట్టు తనదే అన్న సంగతి ఇరవై నాలుగేళ్ళ అలవాటుకి ఎక్కలేదు.

తప్పు ఇదొక్కటే అయితే మెల్లగా దిద్దుకునేవాడేమో. పక్క నేల మేస్త్రిది కదా. కలప చేతికొస్తుందని మేస్త్రి గట్టు పొడుగునా తొందరగా పెరిగే రకం చెట్లు రెండు వరసలు వేశాడు. గట్టు మీది చెట్టుని వేలితో నొక్కి కుదిపితే విత్తనాలు పక్క నేలలో రాలతాయి. నిచ్చెనాయన మొదట్లో గాలికి వస్తున్నాయనుకున్నాడు. ఒకరోజు పైమెట్టు మీద నిలబడి రంపం తుడుచుకుంటూ కిందికి చూశాడు. వ్యాన్ ముందు సీట్లో మేస్త్రి తల వంచుకుని, బొటనవేలితో ఫోన్ మీద ఠకఠకా పొడుస్తున్నాడు. మర్నాడు పొద్దున్న తన ఫోన్ తెరిస్తే గట్టు వార పన్నెండు కొత్త చెట్లు. ఎక్కినవాడు ఫోన్ ముట్టుకోకూడదని రూలుంది. కూర్చున్నవాడికి ఏ రూలూ లేదు. పైన ఈయన ఊళ్ళోవాళ్ళ చెట్లు కొడుతుంటే, కింద వాడు ఈయన నేలలో అడవి పెంచుతున్నాడు. ఆ సంగతి అర్థమైన రోజు ఆయనకి అన్నం సయించలేదు.

మీ చెట్లు నా నేలలోకి వస్తున్నాయి, కాస్త ఆపండి మేస్త్రీ అని వ్యాన్లో అందరి ముందూ అడిగాడు. ఆయన మేస్త్రిని ఎప్పుడూ మీరనే అనేవాడు. వయసుకి కాదు, ముందు సీటుకి. మేస్త్రి నవ్వి, "చెట్లకి గట్లు తెలుస్తాయా బాబాయ్? ఆటే కదా" అన్నాడు. డ్రైవరు అద్దం తుడుస్తున్నట్టు నటించాడు. నత్త కాళ్ళ వంక చూసుకున్నాడు. ఆటే కదా అన్న మాట ఎప్పుడూ గెలుస్తున్నవాడి నోటినుంచే వస్తుంది, ఓడుతున్నవాడు ఆ మాటంటే మనం విన్నామా?

ఆట నడిపేవాళ్ళకి డ్రైవరు చేత ఫిర్యాదు రాయించాడు. చెట్లు సహజంగా పెరుగుతాయనీ, స్థలాన్ని శుభ్రంగా ఉంచుకోవలసిన బాధ్యత యజమానిదేననీ మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది. మూడు నిమిషాల్లో వచ్చిందంటేనే ఎవరూ చదవలేదని అర్థం. ఇరవై నాలుగేళ్ళుగా చేతి తొడుగుల కోసం, కొత్త బెల్టు కోసం, గుర్తింపు కార్డు కోసం పెట్టుకున్న అర్జీలన్నిటికీ ఆయనకి ఇదే భాషలో జవాబులొచ్చాయి. ఆయన ఫోన్ని గోడకేసి కొట్టబోయి, భార్య పేరు మీద ఉందని గుర్తొచ్చి ఆగాడు.

చెట్లు సగం దాటాయి. వారం లెక్క మొదలైంది. నాలుగో రోజున గానీ ఆయన ఒట్టు తీసి గట్టు మీద పెట్టలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టి మొదటి మాను మీద వేలు ఆనించాడు. ఒక మాను మొదలంటా రావాలంటే నిమిషం పాటు వేలు తియ్యకుండా నొక్కి పట్టుకోవాలి.  బొమ్మ చెట్టని తెలుసు, అయినా ఇన్నాళ్ళూ జనంతో చెప్పుకున్న మాట పోయింది కదా అని గుండెలో కలుక్కుమంది. ఆ పని తన చేత చేయించినవాడి మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే రెండోది పీకాడు, మూడోది పీకాడు. అది చూసి మేస్త్రి ఆ రోజు నుంచి భోజనం విరామం సగానికి కోశాడు, ఆఫీసు తొందర పెడుతోందన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి వారం నిండుతుంది. ఆ పొద్దున్న లెక్క చూసుకుంటే చెట్ల గళ్ళు రెండు వందల ఇరవై తొమ్మిది. సగం అంటే రెండు వందలు. ముప్ఫై మానులు పీకితే గట్టెక్కుతాడు. ఇవాళ రాలిన విత్తనం రేపటికి గానీ చెట్టవదు, కాబట్టి మేస్త్రి ఎంత కుదిపినా ఇవాళ్టికి లెక్కలోకి రాదు. అరగంట చాలు. ఒక్క అరగంట.

మేస్త్రి ఆ రోజు పని చూపించిన లైన్లో నలభై రెండు స్తంభాలున్నాయి. భోజనం నిలబడే కానిచ్చారు. మూడింటికి నిచ్చెనాయన జన్మలో చెయ్యని పని చేశాడు, వెళ్ళి అడిగాడు. అరగంట ఇప్పించండి, సాయంత్రం గంట ఎక్కువ చేస్తానన్నాడు. "ఆఫీసుకి ఏం చెప్పమంటావు? మా బాబాయ్ ఫోన్లో ఆడుకుంటున్నాడని చెప్పనా?" అని నవ్వాడు మేస్త్రి. ఆ నవ్వు మీద రంపం విసరకుండా మళ్ళీ నిచ్చెన ఎక్కడానికి ఎంత ఓర్పు కావాలో ఎక్కినవాడికే తెలుసు.

నాలుగూ పదికి చివరి కొమ్మ కింద పడింది. ఇక మిగిలింది నడక. ఆ చివర నుంచి ఈ చివర దాకా నలభై నిమిషాలు. నడక ముగించి ఎల్సీ తిరిగిస్తే ఐదవుతుంది, నేల పోతుంది. ముందు చెట్లు పీకి తర్వాత నడుద్దామా అని ఆయన ఫోన్ తీస్తుండగా ఎదురింటి మేడ మీద నుంచి ఒకావిడ గబగబా దిగి వచ్చింది. తిట్టడానికేమో అనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. వాళ్ళమ్మ ఊపిరి తీసుకునే మిషను బ్యాటరీ మీద నడుస్తోందట, మహా అయితే ఇంకో గంట వస్తుందట, కరెంటు ఎప్పుడిస్తారని అడిగింది.  గంట లోపలే వస్తుంది తల్లీ అని చెప్పి పంపించాడు.

ఈలోగా మేస్త్రి ఫోన్ మోగుతూనే ఉంది. అవతల కాంట్రాక్టరు, లైను ఇంకా ఇవ్వలేదేమని అరుపులు. మేస్త్రికి నేల మీద ఆశ ఉంది గానీ, బావంటే భయం దానికన్నా ఎక్కువ. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, "నడక ఎందుకు బాబాయ్? అందరూ దిగారు, నేను చూశాగా. సబ్‌స్టేషన్‌కి చెప్పెయ్, కరెంటు వదిలేస్తారు. నీ అరగంట కూడా నీకు మిగుల్తుంది" అన్నాడు.

ఎంత సుఖమైన మాట. ఒక్క ఫోన్ చేస్తే అన్నీ తీరతాయి. ఆ ఇంటి పెద్దావిడకి గాలి వస్తుంది, కాంట్రాక్టరు నోరు మూతపడుతుంది, బోర్డు నిలబడుతుంది. నిచ్చెనాయన నంబరు నొక్కాడు కూడా. అవతల మోగుతోంది. నడవకుండా ఎల్సీ ఇచ్చిన రోజు ఇరవై నాలుగేళ్ళలో ఒక్కటీ లేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అని కడుపులోంచి ఎవరో అన్నారు. ఆ అన్నది తనే అని తెలిసి ఆయనకి తన మీద అసహ్యమేసింది. ఫోన్ కట్ చేసి, జేబులో పెట్టి, బొత్తం పెట్టుకుని నడక మొదలుపెట్టాడు.

తలెత్తి నడుస్తుంటే మెడ నరాలు లాగేస్తున్నాయి. ప్రతి స్తంభం దగ్గరా మేస్త్రిని ఒక తిట్టు, తనని ఒక తిట్టు. అడుగులు వేగంగా వేశాడు గానీ ఒక్క స్తంభం కూడా దాటవెయ్యలేదు. నలభై రెండు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ ముప్ఫై దాటాడు, ఇరవై దాటాడు. పదకొండో స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్ళు నిలిచిపోయాయి.

పైన నత్త ఉన్నాడు. స్తంభానికి కాళ్ళు మెలేసి, తీగని మోచేత్తో పక్కకి నెట్టి, ముడిపడిన తాడుని తీరిగ్గా విప్పుకుంటున్నాడు. మూడున్నరకి, నిచ్చెనాయన పైన కొమ్మ కొడుతుండగా, మేస్త్రి పంపించాడట. పదకొండో దాని మీద తాడు మర్చిపోయాం, పోయి పట్రమ్మన్నాడట. పంపించి, వ్యాన్లో కూర్చుని, ఐదెప్పుడవుతుందా అని ఫోన్ చూసుకుంటూ మనిషిని మర్చిపోయాడు.

నిచ్చెనాయన కింద నిలబడి, రెండు చేతులూ స్తంభానికి ఆనించి, దిగరా నాయనా అన్నాడు. నత్త వాడి పద్ధతిలో వాడు, ఒక్కొక్క కాలూ చూసుకుంటూ దిగాడు. "నువ్వు నడిచొస్తావుగా అన్నా, చూస్తావులే అనుకున్నా" అన్నాడు, తాడు చుట్టుకుంటూ. వాడికి ఏమీ తెలియదు. వాడి భుజం పట్టుకుని నిచ్చెనాయన కాసేపు వదల్లేదు.

ఆ తర్వాత మిగతా పది స్తంభాలూ చూసుకుని, సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, తన పేరూ ఎల్సీ నంబరూ చెప్పి, మనుషులందరూ దిగారని చెప్పేసరికి ఐదూ ఏడు. ఇళ్ళలో ఫ్యాన్లు తిరిగిన చప్పుడు వినబడింది. ఆయన ఫోన్లో ఆట తెరిచాడు. నీలం తలుపు లేదు, బావి లేదు. మూల మీద కొత్త మేకు, దాని మీద మేస్త్రి పేరు. ఐదూ ఒక నిమిషానికి పాతినట్టు కింద రాసి ఉంది. వ్యాన్ దగ్గరికి వెళితే మేస్త్రి, "ఏం చేస్తాం బాబాయ్, నేను కాకపోతే ఇంకెవడో పాతేవాడు" అన్నాడు. నత్త ఏడని మాత్రం అడగలేదు.

నిచ్చెనాయన ఇంటికెళ్ళి నాలుగు చెంబులు పోసుకున్నాడు. దిగలేదు. ఐదో చెంబు, ఆరో చెంబు, అయినా కోపం దిగలేదు. భార్య తువ్వాలు అందిస్తూ మొహం చూసి ఏమైందని అడిగింది. అంతా చెప్పాడు. లేని నేల అని వెక్కిరించిన మనిషి ఈసారి వెక్కిరించలేదు. స్టవ్ ఆపేసి వచ్చి కూర్చుని, రెండోసారి మొదటినుంచీ చెప్పించుకుంది. ఆవిడ మొహం ఎర్రబడింది. "అయితే మంచి చోట నీ పేరు పీకేసి, చావొచ్చే చోట మాత్రం ఉంచుకున్నారన్నమాట" అంది. ఆయన తల తుడుచుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

మర్నాడు పొద్దున్న సబ్‌స్టేషన్లో ఆపరేటరు రోజూలాగే పుస్తకం తిప్పి, కలం నిచ్చెనాయన వైపు జరిపాడు. నిచ్చెనాయన కలం తీసి మేస్త్రి ముందు పెట్టాడు. రూలు ప్రకారం మేస్త్రి పేరు ఉండాలి, అలాగే రాసుకోండి అని ఆపరేటరుతో చెప్పాడు.

మేస్త్రి నవ్వబోయాడు. నాలుగు గళ్ళ కోసం ఇంత రాద్ధాంతమా, కావాలంటే నేల వెనక్కి ఇచ్చేస్తానన్నాడు. నిచ్చెనాయన గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకపోవడం నత్త, డ్రైవరు అదే మొదటిసారి చూడటం.

"నేల ఉంచుకోండి. నిన్న పదకొండో స్తంభం మీద మనిషున్నాడు. మీరు ఫోన్ చెయ్యమన్నప్పుడు ఉన్నాడు."

ఆపరేటరు కుర్చీలో ముందుకి వంగాడు. నత్త మెల్లగా తలెత్తి మేస్త్రి వంక చూశాడు. వాడికి ఆ క్షణాన అర్థమైంది. నడుముకి చుట్టుకుంటున్న బెల్టుని తీసి బల్ల మీద పెట్టి, సంతకం ఎవరు పెడతారో, ఎవరు నడుస్తారో చెబితే గానీ ఎక్కనన్నాడు. మేస్త్రి బయటికి వెళ్ళి బావకి ఫోన్ చేశాడు. రూలు ప్రకారం సంతకం నీదే అయితే నువ్వే పెట్టి చావు, లైను ఆలస్యమైతే ఊరుకోను అన్న అరుపు గోడ ఇవతల ఉన్న అందరికీ వినబడింది.

మేస్త్రి తిరిగొచ్చి కలం పట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా మేస్త్రిగిరీ చేస్తున్న మనిషికి ఏ గడిలో ఏం రాయాలో తెలియలేదు. ఆపరేటరు వేలు పెట్టి చూపించాడు. పేరు రాశాడు, సంతకం దగ్గర చెయ్యి ఆగింది. పెట్టాడు. పెట్టి, ఇవాళ్టి లైన్లో ఎన్ని స్తంభాలని అడిగాడు.

"ముప్ఫై ఎనిమిది" అన్నాడు నిచ్చెనాయన, నిచ్చెన భుజానికెత్తుకుంటూ. "ఫోన్ వ్యాన్లో పెట్టి నడువు."